తిరిగి ఇవ్వని గిన్నెలు

మా వీధిలోకి గురువారం ఉదయం రీసైక్లింగ్ బండి వస్తుంది. మొన్న గురువారం ఆ పెద్ద డబ్బాని గ్యారేజీలోంచి రోడ్డు అంచుదాకా తోసుకెళ్తుంటే మూత సరిగ్గా పడలేదు, ఏమిటా అని ఎత్తి చూస్తే నిండా అల్యూమినియం ట్రేలు. మావారు పోయాక ఈ అమెరికాలో మా షాంటిలీ ఊరి చుట్టుపక్కల మనవాళ్ళు తెచ్చిపెట్టిన భోజనాలన్నీ వాటిల్లో వచ్చినవే. మా అమ్మాయి స్నేహితురాలు ఫోన్లోనే ఏదో ఏర్పాటు చేసింది, ఎవరికి వీలున్న రోజున వాళ్ళు పేరు పెట్టుకుంటారట, ఆ రోజు పప్పో పులుసో గుమ్మం ముందు పెట్టి, బెల్లు కొట్టి, నేను మోకాళ్ళ నొప్పితో లేచి తలుపు తీసేలోగా కారెక్కి వెళ్ళిపోతారు. వెనకాలే మెసేజ్ వస్తుంది, "ఆంటీ, ఫుడ్ బయట పెట్టాం, ట్రేలు రిటర్న్ చేయక్కర్లేదు, త్రో చేసేయండి" అని. వాళ్ళనెవరినీ నేను తప్పు పట్టను. ఆఫీసులు, పిల్లల క్లాసులు, ట్రాఫిక్కు, ఇన్నింటి మధ్య పాపం నాకోసం వండి తెచ్చారు, ఎవరి మనసూ చెడ్డది కాదు. కానీ బండి వచ్చి, డబ్బాని ఎత్తి బోర్లించినప్పుడు ఆ ట్రేలన్నీ గలగలమని లోపల పడిన చప్పుడు విని, బండి వీధి మలుపు తిరిగి వెళ్ళిపోయేదాకా డ్రైవ్‌వేలోనే నిలబడిపోయాను.

నా ఈడువాళ్ళకి వేరే చెప్పనక్కర్లేదు, మన ఇళ్ళలో గిన్నెకి కూడా పేరుండేది. స్టీలు సామాను కొనగానే కొట్టు దగ్గరే కూర్చుని అంచు మీద ఇంటిపేరో, పెళ్ళికూతురి పేరో చుక్కలు చుక్కలుగా కొట్టించుకునేవాళ్ళం, ఎందుకంటే ఆ గిన్నె మనింట్లో ఉండేదానికన్నా వాడకట్టులో తిరిగేదే ఎక్కువ. కొత్తావకాయ కలిపిన రోజున పక్కింటికి వెళ్తుంది, పురుడు వచ్చిన ఇంటికి కారప్పొడి పట్టుకెళ్తుంది, జ్వరమొచ్చిన వాళ్ళకి చారు తీసుకెళ్తుంది. అయితే వెళ్ళిన గిన్నె ఒట్టిగా తిరిగి రాకూడదు. ఇంట్లో ఏమీ లేకపోతే చెంచాడు పంచదారైనా వేసి పంపాలి. ఈ విషయంలో మా అమ్మ మహా పట్టుదల మనిషి, నేను ఒట్టి గిన్నె పట్టుకుని గుమ్మం దాటబోతే వెనక్కి పిలిచి, నెత్తిన ఒకటి మొట్టి, అరటిపండో జాంపండో అందులో వేసి మరీ పంపేది. అమెరికా వచ్చేటప్పుడు ఆవిడ చెప్పిన బుద్ధులు సూట్‌కేసుకి పట్టనన్ని, అందులో ఎన్నో మరిచిపోయాను కూడా, కానీ ఇది మాత్రం ఒంట్లో ఇంకిపోయింది. చివరికి నన్ను ముంచబోయింది కూడా అదే.

పాతికేళ్ళ కిందటి మాట. అప్పుడు మేం ఇక్కడికి దగ్గర్లోనే, హెర్న్‌డన్‌లో ఒక అపార్ట్‌మెంట్ కాంప్లెక్సులో ఉండేవాళ్ళం. మూడంతస్తుల ఇటుక బిల్డింగులు, మెట్ల దగ్గర ఎప్పుడూ ఎవరింటిదో ఒకరింటి తాలింపు వాసన, సాయంత్రమైతే పార్కింగ్ లాట్‌లో మన పిల్లలే సగం. మావారు హెచ్ వన్ వీసా మీద వచ్చారు, నేనూ ఒకటో క్లాసు చదివే అమ్మాయీ ఆయన వెనక డిపెండెంట్లం. నాకు ఉద్యోగం చేసే వీలు లేదు, కారు నడపడం రాదు. నేర్పిస్తానని ప్రతి ఆదివారం ఆయన అనడం, వచ్చే ఆదివారం చూద్దామని నేననడం, అదొక సరదా అయిపోయింది మాకు. నువ్వు డ్రైవింగ్ నేర్చుకునేలోగా మన అమ్మాయికి లైసెన్స్ వచ్చేస్తుందని ఏడిపించేవారు.

ఒక శనివారం ఉదయం ఆయన చేతిలోంచి కాఫీ కప్పు జారి కార్పెట్ మీద పడింది. చూసుకోరేమిటండీ అని నేను విసుక్కునేలోగా మనిషే కుర్చీలోంచి పక్కకి ఒరిగిపోయారు. నోరు తెరిచి ఏదో చెప్పబోయారు, మాట రాలేదు. అప్పటికి ఆయనకి నలభై కూడా నిండలేదు. అంబులెన్సులో ఆయన పక్కన కూర్చుని వెళ్తుంటే, అడ్రసు అడిగితే ఇంటి నంబరు కూడా గుర్తు రాలేదు నాకు. స్ట్రోక్ అన్నారు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట పడిపోయింది. ఐసీయూలో గొట్టాల మధ్య పడుకుని నన్ను చూసేవారు, ఆ చూపులో నేనెవరో తెలుస్తోందా లేదా అన్నది నాకు తెలిసేది కాదు. తరవాత నడకా మాటా మళ్ళీ నేర్పించే రీహాబ్‌కి మార్చారు. నడక కొంత రావచ్చు, మాట సంగతి ఇప్పుడే చెప్పలేమన్నారు. ఆఫీసువాళ్ళు మెడికల్ లీవ్ అన్నారు, కానీ అదెంతకాలం సాగుతుంది? మా వీసా ఆయన ఉద్యోగం మీద, ఉద్యోగం ఆయన మాట మీద, ఆ చేతి మీద. ఆ మాట తిరిగి రాకపోతే మేం ముగ్గురం ఈ దేశంలోనూ ఉండలేం, ఆ స్థితిలో ఆయన్ని విమానం ఎక్కించి తీసుకునీ పోలేం. పగలంతా ఆయన మంచం పక్కన కూర్చుని, ఒక్క మాట, ఏదో ఒక మాట, నన్ను తిట్టే మాటైనా సరే రానీ అని కనపడని దేవుళ్ళందరినీ వేడుకునేదాన్ని.

కాంప్లెక్సులో మనవాళ్ళు ఊరుకోలేదు. కబురు తెలిసిన సాయంత్రం నుంచే గిన్నెలు రావడం మొదలైంది. స్టీలు డబ్బాలో పులిహోర, టిఫిన్ క్యారియర్‌లో పప్పూ చారూ, పిల్లకోసమని చిన్న గిన్నెలో నెయ్యన్నం. కింది అంతస్తులో ఒక అమెరికన్ ముసలావిడ ఉండేది, హలో అనడం తప్ప ఎరగని మనిషి, ఆవిడ కూడా గాజు పాత్రలో లజానియా అని చీజ్ వేసిన వాళ్ళ వంటకమేదో చేసి తెచ్చింది. పాత్ర అడుగున తెల్ల టేపు ముక్క అంటించి, దాని మీద పెన్నుతో తన పేరు రాసుకుంది. వాళ్ళలోనూ గిన్నెకి పేరు పెట్టుకుంటారన్నమాట అని అంత దుఃఖంలోనూ నవ్వొచ్చింది నాకు. మా అమ్మాయిని స్కూలు నుంచి ఒకరు తెచ్చేవారు, నన్ను హాస్పిటల్‌కి ఒకరు దింపేవారు. ఆ తిండి తినే కదా మేం బతికింది.

తిన్నాక గిన్నెలు శుభ్రంగా కడిగి, తుడిచి, కౌంటర్ మీద బోర్లించేదాన్ని. ఇచ్చేయాలి, కానీ ఒట్టి గిన్నెలు ఇచ్చేదెలా? ఆదివారం ఏదైనా చేసి, అందరి గిన్నెల్లో తలా కాస్తా వేసి ఇచ్చేద్దామనుకున్నాను. పులిహోరకని మూకుడులో నూనె పెట్టి, ఆవాలు వేసి, అక్కడే నిలబడి ఏమాలోచిస్తున్నానో నాకే తెలియదు, తాలింపు మాడి నల్లటి పొగ లేచింది, స్మోక్ అలారం మొత్తుకుంది. అమ్మాయి కుర్చీ ఎక్కి టవలుతో విసురుతోంది, నేను పొయ్యి ఆర్పడం కూడా మరిచిపోయి చూస్తూ నిలబడ్డాను. ఆ తరవాత మళ్ళీ పొయ్యి దగ్గరికి వెళ్ళడానికి చేతులు రాలేదు. పంచదార వేసి ఇవ్వొచ్చు కదా అంటారేమో. ఇంతింత వండి తెచ్చినవాళ్ళకి, పసిపిల్లల్ని వదిలి నన్ను కార్లో తిప్పినవాళ్ళకి, చెంచాడు పంచదారా అనిపించింది. మంచిది ఏదైనా చేసి ఇద్దాం, రేపు ఇద్దాం అనుకుంటూ ఉండగానే కొత్త గిన్నెలు వచ్చేవి. కౌంటర్ నిండింది. చూడలేక వాటిని తీసి బట్టల క్లోజెట్‌లో కింద పేర్చాను.

ఇక అక్కడి నుంచి మనుషులంటే భయం పట్టుకుంది. తలుపు చప్పుడైతే దానికున్న అద్దం కన్నంలోంచి చూసేదాన్ని. బయట ఎవరి గిన్నె నా దగ్గర ఉందో వాళ్ళే నిలబడి ఉండేవారు, చేతిలో మళ్ళీ ఇంకో గిన్నె. తియ్యలేకపోయేదాన్ని. అమ్మాయికి సైగ చేస్తే అది బొమ్మల ముందు కదలకుండా కూర్చునేది. కాసేపటికి అడుగుల చప్పుడు మెట్లు దిగిపోయాక, అది నా దగ్గరికి వచ్చి, నా చెవిలో మెల్లిగా, "అమ్మా, ఆంటీ గాన్. ఇప్పుడు మాట్లాడొచ్చా?" అనేది. అక్కడ తండ్రి మాట పోయి రీహాబ్‌లో ఉంటే, ఇక్కడ ఈ పిల్లకి నేను మాట లేకుండా ఉండటం నేర్పిస్తున్నాను.

ఎన్నిసార్లని కొడతారు తలుపు? తనకిప్పుడు ఎవరూ రావడం ఇష్టం లేదు కాబోలు, వదిలేద్దాం అనుకున్నారు. మర్యాదస్తులు. ఒక్కొక్కరే రావడం తగ్గించారు. హాస్పిటల్‌కి బస్సు పట్టుకుని, దిగి, ఫుట్‌పాత్ లేని రోడ్డు పక్క గడ్డిలో నడిచి వెళ్ళేదాన్ని. ఫోన్‌లో మా అమ్మకి అంతా బాగానే ఉందని చెప్పేదాన్ని. అందరూ ఉన్న చోట నేను ఒక్కదాన్నీ ఒక గదిలో ఉండిపోయాను, ఆ గది తలుపు వేసుకున్నది నేనే అని తెలిసి కూడా తియ్యడం చేతకాలేదు.

ఒక మధ్యాహ్నం రీహాబ్‌లో మాట నేర్పించే ఆవిడ నన్ను పక్కకి పిలిచి, ఆశ వదులుకోవద్దు కానీ మాట రాకపోయినా బతికే పద్ధతులు కూడా ఆలోచించుకోవాలి అని చాలా మెత్తగా చెప్పింది. బొమ్మలున్న ఒక అట్ట ఇచ్చింది, నీళ్ళు కావాలంటే గ్లాసు బొమ్మ చూపిస్తారట. ఇంటికి వచ్చి ఆ అట్ట మంచం మీద పడేసి, క్లోజెట్ తెరిచి గిన్నెల పక్కన నేల మీద కూర్చున్నాను. అమ్మాయి స్కూల్లో ఉంది. ఇంకెవరికీ కనపడకుండా ఇలాగే లేకుండా పోతే బావుండుననిపించింది. ఆ మాట రాయడానికి ఇప్పటికీ నా చెయ్యి ఆగుతోంది, కానీ అనిపించిన మాట నిజం.

అప్పుడు తలుపు చప్పుడైంది. నేను కదల్లేదు. మళ్ళీ కొట్టారు. ఆగి మళ్ళీ కొట్టారు. తరవాత బయట నేల మీద చతికిలబడిన చప్పుడు, గాజుల గలగల, ఆయాసం. పక్క బిల్డింగ్‌లో ఉండే జగిత్యాల అమ్మాయి వాళ్ళ అత్తగారని గొంతు విన్నాక తెలిసింది. కొడుకు దగ్గరికి ఆరు నెలలకని వచ్చిన పెద్దావిడ. పార్కింగ్ లాట్‌లో ఎండలో నడుస్తూ కనిపించేది, ముతక చీర మీద కొడుకు జాకెట్ వేసుకుని. మొదటి వారంలో పెసరపప్పు చారు గిన్నె పంపింది ఆవిడే.

"బిడ్డా, నువ్వు లోపల్నే ఉన్నవని నాకెరుకే. నా గిన్నె కోసం వచ్చిన. ఎల్లుండి ఊరికి పోతున్న, నా గిన్నె నాకియ్యి. కాళ్ళు గుంజుతున్నయ్, తలుపు తియ్యి."

అంత సూటిగా నన్నెవరూ ఏమీ అడిగి చాలా కాలమైంది. అందరూ ఏం కావాలని అడిగేవారే, నాది నాకివ్వమని అడిగినవాళ్ళు లేరు. లేచి తలుపు తీశాను. ఆవిడ గోడ పట్టుకుని లేచి లోపలికి వచ్చి, నన్ను ఎగాదిగా చూసింది, ఓదార్చలేదు. క్లోజెట్‌లోంచి ఆవిడ గిన్నె తెచ్చి రెండు చేతులా పట్టుకున్నాను, ఇవ్వలేకపోయాను. ఒట్టి గిన్నె పెద్దమ్మా, ఇందులో వెయ్యడానికి నా దగ్గరేమీ లేదు, వండలేకపోతున్నాను, అందుకే ఎవరికీ ఇవ్వలేదు, అన్నీ అక్కడే ఉన్నాయి అని ఏడుస్తూ చెప్పేశాను. అన్ని వారాల ఏడుపూ అప్పుడే వచ్చింది.

ఆవిడ అంతా విని, "గింతేనా?" అంది. తిన్నగా నా వంటింట్లోకి నడిచి, షెల్ఫులో డబ్బాలు ఒక్కొక్కటే మూత తీసి చూసి, పంచదార డబ్బా కిందకి దింపి, పిడికెడు తీసి నా అరచేతిలో పోసింది. గిన్నె తన చేతిలోకి తీసుకుని నా చెయ్యి కింద పట్టి, "వెయ్యి" అంది. వేశాను. "అయిపాయె. నువ్విచ్చినవ్, నేను తీస్కున్న. తక్కినయి ఏడున్నయ్?"

క్లోజెట్‌లో పేర్చినవన్నీ ఆవిడే బయటికి తీయించింది. ఒక్కోదాంట్లో కాస్త పంచదార నా చేతే వేయించింది. ఈలోగా అమ్మాయి స్కూలు నుంచి వచ్చింది, దానికి మూతలు మోసే పని అప్పగించింది పెద్దావిడ. ఎండ ఉండగానే ముగ్గురం బయల్దేరాం. బిల్డింగ్ తరవాత బిల్డింగ్, తలుపు తరవాత తలుపు. ఆవిడ తలుపు కొట్టేది, నేను గిన్నె ఇచ్చేదాన్ని, లోపల పంచదార చూసి ఒక్కరూ నవ్వలేదు, ఒక్కరూ ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదని అడగలేదు. ఒకావిడ గిన్నె పక్కన పెట్టి నన్ను గట్టిగా పట్టుకుని, మా మీద కోపమొచ్చిందేమో అనుకున్నాం వదినా అంది. కోపమా! చివరికి కింది అంతస్తు అమెరికన్ ఆవిడ దగ్గరికి వెళ్ళాం. గాజు పాత్రలో పంచదార చూసి పాపం, "షుగర్?" అంది, కేకు చెయ్యమంటున్నామనుకుంది కాబోలు. మా అమ్మాయి ఇంగ్లీషులో ఏదో చెప్పింది. ఏం చెప్పిందో నాకు సరిగ్గా తెలియదు, కానీ ఆవిడ మోకాళ్ళ మీద వంగి దాని తల నిమిరింది, నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. మర్నాడు ఉదయం తన కారు తాళాలతో వచ్చి, హాస్పిటల్‌కి పద అంది.

ఆ తరవాత కథ సాఫీగా ఏమీ జరగలేదు. మావారి మాట ఒక్కసారిగా రాలేదు. చలికాలం వచ్చాక ఒకరోజు, నేను దుప్పటి సర్దుతుంటే, చాలా కష్టపడి "చాలు" అన్నారు. పెళ్ళయిన దగ్గర్నుంచి ఆయన నాతో అన్న మాటల్లోకెల్లా నాకు తీపిగా తోచింది అదే. తడబాటు చివరిదాకా ఉండిపోయింది, కుడి చేతి వేళ్ళు సరిగ్గా ముడుచుకునేవి కావు, ఆఫీసువాళ్ళిచ్చిన లీవు పూర్తిగా అయిపోయేలోగా ఎడమ చేత్తో కీబోర్డు కొట్టడం నేర్చుకుని ఉద్యోగంలోకి మళ్ళీ వెళ్ళారు. నాకు కారు నేర్పించింది మాత్రం నన్ను వదినా అన్న ఆవిడే. ఆ కాంప్లెక్సు జనం మమ్మల్ని ఆ ఏడాది చేతుల మీద మోశారు.

జగిత్యాల పెద్దావిడ అన్నట్టే ఆ ఎల్లుండి వెళ్ళిపోయింది. నేను పరుగెత్తుకుంటూ వెళ్ళి కారు దగ్గర కాళ్ళకి దండం పెట్టాను. థాంక్స్ చెప్పలేదు. పెద్దవాళ్ళకి మనం థాంక్స్ చెప్పం కదా, చెప్తే పరాయివాళ్ళని చేసినట్టుంటుంది. తరవాత ఆవిడ కొడుకు వాళ్ళు డాలస్ వైపు వెళ్ళిపోయారు. ఆవిడ పోయిందని ఎన్నో ఏళ్ళకి ఎవరో చెప్తే విన్నాను.

ఇన్నేళ్ళూ నేను ఆ పంచదార గురించే తలుచుకున్నాను. మావారు పోయాకే ఇంకో సంగతి అర్థమైంది. నన్ను బతికించింది తిండి కాదు, తిండి అప్పటికి ఆగిపోయింది కదా. ఆవిడ గిన్నె నా దగ్గర ఉండిపోయింది, దానికోసం ఆవిడ మళ్ళీ రావలసి వచ్చింది. గిన్నె అనేది ఒకటి లేకపోతే ఎల్లుండి విమానం ఎక్కే మనిషికి నా గుమ్మంలో పనేముంది?

ఇప్పటి పిల్లల్లో దయకేం తక్కువ లేదు, మా రోజులకన్నా ఒకింత ఎక్కువే. ఎవరినీ ఇబ్బంది పెట్టకూడదని చూస్తారు, ఎవరికీ రుణం అనిపించకూడదని చూస్తారు. అందుకే కడగక్కర్లేని ట్రేలు, తీయక్కర్లేని తలుపులు. చావు జరిగిన ఇంటి నుంచి వెళ్ళేటప్పుడు మళ్ళీ వస్తామని చెప్పకూడదంటారు కనుక ఎవరూ చెప్పలేదు. చెప్పనట్టే ఎవరూ రాలేదు కూడా. అమ్మాయి రోజూ వీడియో కాల్ చేస్తుంది, జెర్సీ సిటీలో దాని ఉద్యోగం దానిది. ఇంట్లో ఆయన తడబడే మాట లేదు. పొద్దున లేచి రాత్రి పడుకునేదాకా నా గొంతు నేను వినని రోజులున్నాయి.

అన్ని ట్రేల మధ్య ఒకే ఒక్క స్టీలు గిన్నె వచ్చింది. వీధి చివర టౌన్‌హౌస్‌లోకి కొత్తగా వచ్చిన అమ్మాయి తెచ్చింది, ఇంకా మన ఊళ్ళ అలవాట్లు పోలేదు పాపం. దొండకాయ కూర. అంచు మీద వాళ్ళమ్మ పేరు కొట్టించి ఉంది. ఆ కూర ఎప్పుడో అయిపోయింది, గిన్నె ఎప్పుడో కడిగేశాను. ఇప్పుడు నాకు వండటానికి ఒంట్లో ఓపిక ఉంది, ఇంట్లో సరుకులున్నాయి, వాళ్ళిల్లు నాలుగడుగుల దూరం. అయినా ఇవ్వడం లేదు. అడగడానికి మొహమాటపడుతోందేమో ఆ అమ్మాయి, కానీ అమ్మ పేరున్న గిన్నె కదా, ఏదో ఒక రోజు వచ్చి అడక్కపోదు. సాయంత్రం వీధిలో ఆఫీసుల కార్లు తిరిగి వచ్చే వేళకి నేను ముందు గదిలోకి వచ్చి కూర్చుంటున్నాను.